వెడలుట – వెలివేయుట

క్రియకు కర్త యుండవలెనని వ్యాకరణము చెప్పుచున్నది. చేయువాడు లేక పని జరుగదు. ఐనను తెలుగునాట తరతరములుగా వాడుకలో నున్న ఒక క్రియకు కర్త యెవరో యెంత వెదకినను దొరకడు. ఆ క్రియ 'వెలివేయుట'. 'అతనిని వెలివేసిరి' అందురు. ఎవరు వేసిరని యడిగినచో 'ఊరు' అని సమాధానము వచ్చును. ఊరనగా నెవరని ఒక్కొక్క గడప యెక్కి విచారించినచో, ప్రతివాడును 'నేనేమియు చేయలేదు. పదుగురితో పాటు మాటాడుట మానితిని, అంతియే' యనును. 'నేను వెలివేసితిని' అను రూపము వ్యాకరణమున కలదు గాని మనుష్యుల నోట వినబడదు.

అందరును చేయుచు, నేను చేసితినని యొక్కరును ఒప్పుకొనని పని యెట్టిదై యుండును? ఇది మాటలకు సంబంధించిన ప్రశ్నగా తోచినను నిజమునకు ధర్మమునకు సంబంధించినది. కల్యాణ శరణుల వారసత్వమును చెప్పుకొను ప్రతి కుటుంబమును, ప్రతి మఠమును ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చును. ఏలయన, కల్యాణ చరిత్రయే ఒక విధముగా వెడలినవారి చరిత్ర, వెడలగొట్టబడినవారి చరిత్ర.

మాటల కుటుంబము

మనుష్యుని ఒక చోటినుండి బయటికి పంపుటకు తెలుగున మాటలు పెక్కు కలవు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క స్వభావము. 'గెంటుట'లో చేయి యున్నది. గెంటువాని యరచేయి గెంటబడువాని మెడను తాకును. ఆ చేతి వంపును చూచియే పూర్వులు 'అర్ధచంద్ర ప్రయోగము' అని పరిహాసముగా పేరు పెట్టిరి. 'తరుముట'లో కాళ్ళున్నవి. పారిపోవువాడెంత దూరము పరుగెత్తునో తరుమువాడును అంత దూరము పరుగెత్తవలెను. 'పారద్రోలుట' శత్రువులకును, చీకటికిని, అజ్ఞానమునకును చెల్లినది. 'సాగనంపుట' వీటన్నిటికి ఎదురైన మర్యాద. ఊరి పొలిమేర వరకు తోడు నడచి, మరల రమ్మని చెప్పి పంపుట అది. వెళ్ళగొట్టుటకు బదులు సాగనంపుట యను మాటను ఎత్తిపొడుపుగా వాడునప్పుడు కూడ ఆ మర్యాద నీడ కొంత దానిపై నిలిచియే యుండును.

'వెలివేయుట'లో చేయి లేదు, కాలు లేదు. ఎవరును ఎవరిని తాకరు. వెలివేయబడినవాడు తన యింటనే యుండును, తన యరుగుపైననే కూర్చుండును. వాని చుట్టునున్న ఊరు మాత్రము వెనుకకు జరుగును. చాకలి రాడు, మంగలి రాడు. నూతి వద్ద చేద అందదు. పొయ్యిలోనికి నిప్పడిగిన లేదందురు. ఇంట చావు సంభవించినను పాడె మోయుటకు నలుగురు దొరకరు. తక్కిన క్రియలలో మనిషి కదలును, చోటు నిలుచును. ఈ క్రియలో మనిషి నిలుచును, చోటు కదలిపోవును. కావుననే దీనికి సాక్షులుండరు, గాయములుండవు.

'వెలి' యనగా బయట. 'వెలుపల' యను మాట యిందుండియే వచ్చినది. మనసులోని యభిప్రాయమును 'వెలిబుచ్చుట', గ్రంథమును 'వెలువరించుట', మొలక భూమినుండి 'వెలువడుట' అన్నియు ఈ వెలి పరివారమే. బయటికి వచ్చుట స్వతస్సిద్ధముగా చెడ్డది కాదని ఈ మాటలు సాక్ష్యమిచ్చుచున్నవి. విత్తు వెలువడుట సృష్టికి శుభము. మనుష్యుని వెలిలోనికి విసరుట, అనగా 'వేయుట', యందే దోషమంతయు చేరినది.

ఈ కుటుంబమున అన్నిటికంటె బరువైన మాట 'వెలివాడ'. వెలివేయుటకు ముందు మనిషి లోపల నుండవలెను గదా! వెలివాడవారు ఎన్నడును లోపల నుండి యెరుగరు. ఏ తప్పునకు ఎప్పుడు ఎవరు తీర్పు చెప్పిరో తెలియకయే, పుట్టుకతోడనే వెలిలో నున్నవారికి ఆ వాడ నివాసమయ్యెను. డాక్టరు అంబేద్కరు 1924లో బహిష్కృత హితకారిణీ సభను స్థాపించి, 1927లో 'బహిష్కృత భారత్' అను పత్రికను ప్రారంభించినప్పుడు, ఈ క్రియకు గురియైన వారి పేరునే పతాకముగా నెత్తిరి. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున వసతి గృహము నుండి తొలగింపబడిన దళిత విద్యార్థులు, ఆవరణలో తాము బస చేసిన తావునకు 'వెలివాడ' యనియే పేరు పెట్టుకొనిరి. నిఘంటువులో పాతబడినదని తలచిన మాట బ్రదికియే యున్నదని ఆ పేరు చాటినది.

వెడలినవారు

వెలివేయుటకు పొరుగుననే 'వెడలుట' యున్నది. వెడలుట యనగా తానై బయటికి నడచుట. ఇందు కర్త స్పష్టము. 'నేను వెడలితిని' అని తలయెత్తి చెప్పవచ్చును.

బసవేశ్వరుని జీవితము ఈ క్రియతోడనే ఆరంభమైనది. ఉపనయనమును నిరాకరించి, సోదరి నాగాంబతో కూడి బాగెవాడిలోని పుట్టినింటిని విడిచి వెడలిన బాలుని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి చెప్పెను. ఆ యింటినుండి ఆయనను ఎవరును గెంటలేదు. ఒక మనుష్యుని పుట్టుకచే పైవానిగను, మరియొకనిని పుట్టుకచే వెలివానిగను చేయు గుర్తును తాను ధరింపజాలక ఆయనయే బయటికి నడచెను. అక్కమహాదేవి కౌశికుని మందిరమును విడిచి నడచినదియు ఇట్టి నడకయే.

తెలుగు నేలపైనను ఇట్టి వెడలుటకు నిదర్శనములు కలవు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నుల భారమునకు లోబడనొల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఊరినే ఖాళీ చేసి, ఎల్ల వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చిరి. ప్రభుత్వము వారిని వెడలగొట్టలేదు, వారే వెడలిరి. విదేశీ వస్త్ర బహిష్కారమును ఈ కోవకు చెందినదే. దానిచే తన శరీరముపైనుండి తాను ఒక వస్త్రమును తొలగించుకొనెనే గాని ఇంకొకని శరీరముపైనుండి కాదు.

వెడలువాడు తాను కష్టమును కోరుకొనును. వెలివేయువాడు కష్టమును ఎదుటివానికి పంచును. ఒకే బయలు, ఒకే పొలిమేర. కాని కష్టమెవరి భుజముపైన పడుచున్నదని చూచినప్పుడు ఈ రెంటికిని ఆకాశమునకును పాతాళమునకును ఉన్నంత దూరము కన్పట్టును.

కల్యాణము చెప్పు సాక్ష్యము

నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలో నున్న బసవకల్యాణము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో అంతర్భాగము. ఆ యూరిలో 12వ శతాబ్దిమధ్యమున అనుభవ మంటపము నెలకొనెనని సంప్రదాయము. అచ్చట కూర్చుండినవారెవరు? బట్టలుతుకు మడివాళ మాచయ్య, క్షౌరవృత్తి కులమున పుట్టి బసవేశ్వరుని సన్నిధిలో మెలగిన హడపద అప్పణ్ణ, పడవ నడపు అంబిగర చౌడయ్య, తోలుపని చేయు కులములనుండి వచ్చిన శరణులు. వెలివేయబడిన యింటికి ఊరు ఎవరిని రానీయదో, చాకలిని మంగలిని, అనగా వెలివేయుటకు ఏ వృత్తులవారిని పనిముట్టులుగా వాడుకొందురో, ఆ వృత్తులవారే కల్యాణమున పీటలపై కూర్చుండి తత్త్వమును చర్చించిరి. వెలి యను దానిని కూలద్రోయుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు. వెలివేయు చేతినే లోనికి పిలిచి కూర్చుండబెట్టిన పిమ్మట వెలివేయుటకు ఎవరు మిగులుదురు?

ఆ సభ ఎట్లు చెదరినదియు అందరికి తెలిసినదే. చెప్పులు కుట్టు కులమున పుట్టిన హరళయ్య యింటికిని, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు ఇంటికిని వియ్యము కుదిరెను. లింగధారణము చేసిన పిమ్మట వారికి పూర్వకులము లేదని శరణులు నమ్మిరి. రాజు బిజ్జలుడును, వర్ణధర్మపు కావలివారును నమ్మలేదు. పెండ్లి చేసినవారికి ఘోరశిక్ష పడెనని కన్నడ సంప్రదాయము చెప్పుచున్నది. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెను. చెన్నబసవేశ్వరుడు మొదలగువారు ఉళవి అడవులకు పోయిరి. శరణులు దిక్కు దిక్కులకు చెదరిరి. వారు వెడలిరా, వెడలగొట్టబడిరా అని యడిగినచో రెండును నిజమే యనవలెను. ప్రాణభయముచే వెడలగొట్టబడిరి, నమ్మినదానిని విడువనొల్లక వెడలిరి.

ఒక పెండ్లి కారణముగా ఊరు విడువవలసి వచ్చినవారి సంతతి లింగవంతులు. ఈ మాటను ప్రతి కుటుంబమును గోడపై వ్రాసికొనదగును. ఏలయన, ఆ సంతతిలోనే నేడు కొన్ని యిండ్లలో కూతురు తాను మెచ్చినవానిని పెండ్లాడెనని తల్లిదండ్రులు గడప మూయుచున్నారు. తాత చనిపోయినప్పుడు కబురు పంపరు. పసిబిడ్డ పుట్టినను చూడబోరు. బంధువుల యింట శుభకార్యమునకు ఆమె వచ్చినచో తక్కినవారు లేచిపోదురని ముందుగనే హెచ్చరింతురు. చేసినదేమని యడిగిన 'మేమేమియు అనలేదు, ఆమెయే వెళ్ళిపోయినది' యందురు. ఇచ్చట క్రియ మారినది చూడుడు! వెలివేసినవారు తమ క్రియను దాచి, వెలియైన దానికి 'వెడలుట'ను అంటగట్టుచున్నారు. బిజ్జలుని కొలువులో హరళయ్య, మధువరసులకు ఎదురుగా నిలిచిన న్యాయవాదము కూడ ఇదియే గదా! కులమర్యాదను వారే విడిచి పోయిరి, మేము వెడలగొట్టలేదు అని.

కట్టుబాటు అక్కరలేదా?

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఏ సమాజమునకైనను హద్దు లేక నిలుచుట సాధ్యమా? చేనికి కంచె వలదా? వీరశైవమున భక్తుడు, భవి యను భేదము మొదటినుండియు కలదు. సోమనాథుడే భవిసాంగత్యమును కటువుగా నిషేధించెను. పంచాచారములలో గణాచారమున్నది, శివనిందను సహింపరాదని అది విధించును. మరి యాచారమును కాలరాచినవానిని వెలివేయుట తప్పెట్లగును?

సోమనాథుని కాలమును తలచుకొనవలెను. అప్పటి శివభక్తులు చిన్న గుంపు. అధికారము, ధనము, అగ్రహారములు ఎదుటి పక్షమున నుండెను. చిన్న గుంపు పెద్ద సంఘముతో పొత్తు విడుచుట వెడలుట యగును. దానివలన ఎదుటివాని కూటికి లోటు రాదు, నూతికి అడ్డు లేదు, కష్టమంతయు విడిచినవానిదే. అదే మాటను బలము చేకూరిన పిమ్మట, ఊరిలో భూములు, పెద్దరికము చేతికి వచ్చిన పిమ్మట, బలహీనునిపై ప్రయోగించినచో అది వెలివేయుట యగును. మాట మారలేదు, చేయి మారినది. పసివాడు తలుపు మూసికొనుట భయము. బలవంతుడు పసివానిపై తలుపు మూయుట క్రౌర్యము.

ఇక గణాచారము. పంచాచారములు ఐదు. నాలుగవది గణాచారము కాగా ఐదవది భృత్యాచారము. తాను శివభక్తులకెల్ల భృత్యుడనని, అందరికంటె చిన్నవాడనని భావించుట అది. భృత్యుడు ఇంటి యజమాని యతిథులను గెంటివేయునా? గణాచారమును పట్టుకొని భృత్యాచారమును విడిచినవాడు ఐదింట ఒక్కదానిని మాత్రము తీసికొని దానితో పొరుగువానిని కొట్టినవాడగును. బసవేశ్వరుని గురించి ఒక కథ కలదు. దొంగలు ఆయన యావులను తోలుకొనిపోగా, దూడలు తల్లులకొరకు అరచుచున్నవని వాటిని కూడ వెనువెంట పంపెనట. దొంగలను తరుముటకు బదులు దూడలను తోలిన ఆ చేతియందు గణాచారమునకు లోపమున్నదని ఏ శరణుడును అనలేదు.

తెలుగువారి పండితత్రయములో నొకరైన మల్లికార్జున పండితారాధ్యుని ప్రసక్తి ఇచ్చట ఎంతయు తగినది. ఆయన బసవేశ్వరునియందు పరమభక్తి గలవాడు. ఐనను తన జన్మాచారమును పూర్తిగా విడువజాలకపోయెను. ఆ విడువలేనితనమును దాచక విన్నవించుకొనెనని సంప్రదాయము. కల్యాణమునకు బయలుదేరి, త్రోవలోనే బసవేశ్వరుని లింగైక్యవార్త విని ఆయన శోకించెను. శరణులు ఆయనను అరకొర భక్తుడని వెలివేసిరా? లేదు. పాల్కురికి సోమనాథుడు బసవని చరితమును వ్రాసిన చేతితోనే పండితారాధ్య చరిత్రమును కూడ వ్రాసెను. సగము దూరము నడచి వచ్చినవానికి గడపవద్ద పీట వేయుట శివాచారమునకు విరుద్ధము కాదని ఆ రెండు గ్రంథములు ప్రక్కప్రక్కన నిలిచి చెప్పుచున్నవి.

ఐనను ఆక్షేపణలో ఒక భాగము మిగిలియే యున్నది. మఠపు సొమ్ము నపహరించినవానిని ధర్మకర్తగా నుంచవచ్చునా? పిల్లలకు హాని చేసినవానిని పాఠశాలలో నిలుపవచ్చునా? నిలుపరాదు. అట్టివానిని తొలగింపవలెను, అవసరమైనచో న్యాయస్థానమునకు అప్పగింపవలెను. కాని 'తొలగించుట' వేరు, 'వెలివేయుట' వేరు. తొలగించుట పదవినుండి. దానికి కారణము చెప్పవలెను, ఎదుటివాని మాట వినవలెను, తీర్పు క్రింద ఒకరు సంతకము చేయవలెను. వెలివేయుట మనుష్యత్వమునుండి. దానికి కారణము గుసగుస, విచారణ లేదు, సంతకము లేదు. తొలగింపబడినవాని బిడ్డకు ప్రసాదము దొరకును. వెలివేయబడినవాని బిడ్డకు దొరకదు. తప్పుచేయని బిడ్డవరకు పాకిన శిక్ష యేదియు ధర్మము కాజాలదు.

చట్టము ఎంతవరకు?

ఈ దోషమును చట్టములు కూడ గుర్తించినవి. రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. బొంబాయి రాష్ట్రము 1949లో మతబహిష్కరణమును నిషేధించుచు ఒక శాసనము చేయగా, 1962లో సుప్రీంకోర్టు అది చెల్లదనెను; మతశాఖలకు తమ కట్టుబాటును కాపాడుకొను స్వాతంత్ర్యము కలదని యభిప్రాయపడెను. ఆ తీర్పును మరల పరిశీలింపవలసిన ప్రశ్న 2023లో విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినది. మహారాష్ట్రము 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగా చేయు శాసనమును ఆమోదించెను. షెడ్యూల్డు కులముల, తెగలవారిపై అట్టి బహిష్కారమును విధించుట అత్యాచారముల నిరోధక చట్టమునకు 2015లో చేసిన సవరణచే నేరమైనది.

ఆ చట్టము ఎందుకు కావలసి వచ్చెనో తెలుగువారు మరువరాదు. 1991 ఆగస్టు 6న, నాటి గుంటూరు జిల్లాలోని చుండూరున ఎనమండుగురు దళితులు హతులైరి. ఆ హత్యలకు ముందు ఊరిలో వారిపై సాంఘిక బహిష్కారము నడచినది. పనికి పిలువకుండుట, మాటాడకుండుట మొదటి మెట్టు. కత్తి చివరి మెట్టు. ఎదుటివానిని మనిషిగా చూచుట మానిన కన్నులకు ఆ రెండు మెట్ల నడుమనున్న దూరము మిక్కిలి చిన్నది.

కాని చట్టము పొలిమేర వరకే వచ్చును. పంచాయతీ తీర్మానమును పట్టుకొనగలదు. పంక్తిలో ప్రక్కవాడు విస్తరిని కొంచెము దూరము జరుపుకొనుటను పట్టుకొనజాలదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో చట్టము వచ్చినది. వృద్ధులను ఉద్దేశపూర్వకముగా వదలివేసినవారికి మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని అందున్నది. ఐనను ఇంటనే యుంచి వెలివేసిన కొడుకును అది యేమి చేయగలదు?

పొమ్మనక పొగబెట్టుట

తెలుగువారి సామెత యొకటి యున్నది: పొమ్మనక పొగబెట్టినట్లు. వెలివేయుటలో మిక్కిలి నాగరికమైనది, మిక్కిలి లోతైనదియు ఇదియే. ఇందు క్రియయే యుండదు. ముసలితల్లి మంచమును నడవలోనికి, నడవనుండి వసారాలోనికి జరుపుదురు. 'గాలి బాగుగా వచ్చును' అందురు. అందరును భుజించిన పిమ్మట ఆమెకు అన్నము పెట్టుదురు. 'ఆమెకు ఆలస్యముగా ఆకలి యగును' అందురు. ఇంటికి వచ్చినవారితో ఆమె మాట కలుపబోగా టెలివిజను శబ్దమును పెంచుదురు. ఒకనాడు ఆమె తన సంచి సర్దుకొని చెల్లెలి యింటికి పోయెదనని తానే చెప్పును. 'వద్దన్నను వినలేదు, తానే వెళ్ళినది' యని యింటివారు పదిమందితో చెప్పుకొందురు. ఆమె మెడలోని లింగమునకు ప్రొద్దుట పూజ చేసికొను తావును కూడ ఆ యింట మిగులనీయలేదని పదిమందికి తెలియదు.

లింగధారియైన ప్రతి శరీరమును శివాలయమని బసవమతము బోధించుచున్నది. గుడిలోని విగ్రహమును వీధిలో పారవేసినవానిని ద్రోహి యనువారు, నడచు గుడిని వసారాలోనికి నెట్టుట నేమనవలెను?

పోగొట్టుట – పోగొట్టుకొనుట

తెలుగుభాష ఈ విషయమున ఒక తీర్పు చెప్పియే యున్నది. వెళ్ళు అను దానికి 'కొట్టు' చేర్చిన వెళ్ళగొట్టు అగును. చెడు అను దానికి చేర్చిన చెడగొట్టు. పడు అను దానికి చేర్చిన పడగొట్టు. ఆ వరుసలోనే పో అను దానికి చేర్చిన 'పోగొట్టు' అగును. పోగొట్టు అనగా పోవునట్లు చేయుట. కాని నేడు పోగొట్టుట యనగానే ఎవరికైనను తోచు అర్థమేమి? నష్టపడుట. ఉంగరమును పోగొట్టుకొనుట, పరువును పోగొట్టుకొనుట, బిడ్డను పోగొట్టుకొనుట. ఎదుటివానిని పోవునట్లు చేసిన క్రియ తిరిగి తిరిగి చేసినవాని యింటికే వచ్చి, 'కొనుట' యను తోకను తగిలించుకొని కూర్చున్నది. వెలివేసిన యింట మిగులునది వెలితియే యని ఏ పండితుడును బోధింపకయే జనుల నాలుక గ్రహించినది.

కల్యాణమును చూడుడు. శరణులను వెడలగొట్టిన రాజ్యమేమి సంపాదించుకొన్నది? బిజ్జలుని పిమ్మట కలచురి రాజ్యము కొలది సంవత్సరములలోనే నామమాత్రమై అంతరించెను. చెదరినవారి వచనములు మాత్రము తాళపత్రములపై, జంగముల నోళ్ళపై ఊరూరు తిరిగి ఎనిమిది వందల యేండ్లు దాటి వచ్చినవి. రాజు శరణులను వెళ్ళగొట్టెను. కల్యాణము శరణులను పోగొట్టుకొనెను.

ఏది వెడలవలెను?

ఇంతమాత్రముచే వెడలగొట్టుట యను క్రియయే దుష్టమని తలపరాదు. దానికి తగిన కర్మపదము కలదు. వీరశైవ దీక్షలో గురువు శిష్యుని ఆణవ, మాయా, కార్మిక మలములు మూడింటిని వేధ, మంత్ర, క్రియా దీక్షలచే వెడలగొట్టి, ఆ ఖాళీ చేసిన తావుల భావలింగ, ప్రాణలింగ, ఇష్టలింగములను నెలకొల్పును. గురువు మలమును వెడలగొట్టును గాని శిష్యుని వెడలగొట్టడు. వెడలగొట్టినచోట దేనినో స్థాపించును గాని బయలుగా విడువడు. ఈ రెండు నియమములును పాటింపబడిన చోట ఈ క్రియ పావనము.

కావున ఏ కుటుంబమైనను, ఏ మఠమైనను, ఏ సంఘమైనను ఒకనిని దూరము చేయుటకు తలపెట్టినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనదగును. మొదటిది: వెడలవలసినది తప్పా, మనిషియా? రెండవది: అతడు తిరిగి వచ్చుటకు తలుపు తెరచి యున్నదా? చేర్చుకొనుట యను క్రియ లేని చోట వెడలగొట్టుట శిక్ష కాదు, హత్య. మూడవది, అన్నిటికంటె కఠినమైనది: 'ఈ పనిని నేను చేయుచున్నాను' అని, బహువచనము చాటున దాగక, ఇష్టలింగమును అరచేత నుంచుకొని చెప్పగలరా? చెప్పగలిగినచో అది న్యాయము కావచ్చును. గొంతు తడబడినచో అది వెలివేయుటయే.

ఈ మూడవ ప్రశ్న వద్ద తడబడి ఆగిన తండ్రి యెవడైనను ఉన్నచో, అతడు చేయవలసిన పని పెద్దది కాదు. పండుగనాడు కూతురికి తానే స్వయముగా కబురు పంపుట, విస్తరి వేయునప్పుడు లెక్కలో ఇంకొక విస్తరి కలుపుట. వసారాలోని మంచమును మరల లోనికి తెచ్చుట ఇద్దరు పట్టిన యైపోవు పని. బాగెవాడినుండి వెడలిన బాలుడు కల్యాణమున ఇంటింటి తలుపులను తెరచెను. ఆ తలుపులను మూయకుండుటయే ఆయన పేరు చెప్పుకొనువారికి మిగిలిన కైంకర్యము.